పుల్లటి వాసన వేస్తున్న నెగటివ్‌లు, పేర్లు లేని ముఖాలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: కాలేజీ రోజుల నుంచి ఫొటోలు తీయడమంటే నాకు ప్రాణం. ఇప్పుడు అరవై ఎనిమిదేళ్లు. బీరువాలో పద్నాలుగు ఆల్బమ్‌లున్నాయి. చాలావరకు పేజీ మీద జిగురు గీతలు, పైన ప్లాస్టిక్ పొర ఉండే రకం. రెండు రేకు డబ్బాల్లో నెగటివ్‌లు, స్లయిడ్లు ఉన్నాయి. అందులో ఒకటి తెరిస్తే పుల్లటి ఘాటు వాసన కొడుతోంది. 2005 తర్వాత తీసినవన్నీ ఒకే హార్డ్ డిస్క్‌లో, ఈమధ్యవి ఫోన్‌లో ఉన్నాయి. "అన్నీ స్కాన్ చేసేసి పాతవి పారేయండి నాన్నా" అంటుంది మా అమ్మాయి. ఎక్కడ మొదలుపెట్టాలో తోచక ఏడాదిగా వాయిదా వేస్తున్నాను. పాత ఫిల్మ్ కెమెరా తోలు కేసులో అలాగే ఉంది. ఇంకా ఫొటోలు తీయాలనే ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: అయ్యా, మీ దగ్గరున్నవన్నీ ఒకే వేగంతో పాడవడం లేదు. కొన్ని ఇంకో యాభై ఏళ్లు నిలుస్తాయి, కొన్ని ఈ రాత్రే పోవచ్చు. అందుకని ఒకటో ఆల్బమ్ నుంచి వరసగా వెళ్లకండి. ఏది ముందు పోతుందో దాన్ని ముందు పట్టుకోండి.

ఆ లెక్కన మొట్టమొదటి పని స్కానింగ్ కాదు, హార్డ్ డిస్క్. ఒకే డిస్క్‌లో, ఒకే ప్రతిగా ఉన్న ఫొటోలు ఏ క్షణమైనా పోవచ్చు. డిస్క్ పాడయ్యే ముందు చెప్పి పాడవదు. ఈ వారమే అంతే సామర్థ్యం లేదా అంతకంటే ఎక్కువ ఉన్న మరో డిస్క్ తెచ్చి మొత్తం కాపీ చేయండి. కాపీ అయ్యాక రెండు వైపులా ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు సరిపోయాయో లేదో చూడండి. అక్కడక్కడా ఓ ఇరవై ఫొటోలు తెరిచి, కింది భాగం దాకా పూర్తిగా కనిపిస్తున్నాయేమో చూడండి. సగం బూడిదరంగుగా వచ్చిందంటే ఆ ఫైలు చెడిందన్నమాట. పాత డిస్క్ టక్ టక్‌మంటున్నా, కాపీ మధ్యలో ఆగిపోతున్నా మళ్లీ మళ్లీ ప్రయత్నించకుండా ఆపేసి, డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. మీరు తిప్పే కొద్దీ లోపలి పళ్లేల మీద గీతలు పెరుగుతాయి.

చివరికి చేరాల్సిన లెక్క ఈ రంగంలో అందరూ పాటించేదే: మూడు ప్రతులు, రెండు రకాల నిల్వ, అందులో ఒకటి మీ ఇంట్లో కాక వేరేచోట. రెండు డిస్క్‌లు, ఒక క్లౌడ్ ఖాతా అనుకోండి, సరిపోతుంది. క్లౌడ్ వద్దనుకుంటే మూడో డిస్క్ ఒకటి మీ అమ్మాయి ఇంట్లో ఉంచి, ఆరు నెలలకోసారి మార్చుకోండి. ఒక సంగతి మాత్రం చాలామంది పొరబడేది. ఫోన్‌కీ క్లౌడ్‌కీ మధ్య సింక్, అంటే ఇక్కడి మార్పు అక్కడా తనంతట తానే జరిగే ఏర్పాటు, ఉంటే అది బ్యాకప్ కాదు. ఫోన్‌లో చెరిపేస్తే అక్కడా చెరిగిపోతుంది. "స్థలం ఆదా" సెట్టింగ్ పెట్టి ఉంటే ఫోన్‌లో ఉండేది చిన్న నమూనా మాత్రమే. అసలు ఫొటో క్లౌడ్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. సీడీల్లో పెట్టినవి ఏవైనా ఉంటే అవీ ఇప్పుడే డిస్క్‌లోకి ఎక్కించండి. ఇంట్లో రాసుకునే సీడీల్లో సమాచారం పలచటి రంగు పొరలో ఉంటుంది, ఆ పొర కాలంతో చెడుతుంది. పెన్‌డ్రైవ్‌ని దాచుకునే వస్తువుగా చూడకండి. ఫొటోలు ఇంకొకరికి అందించడానికి మాత్రం పనికొస్తుంది.

రెండోది ఆ పుల్లటి వాసన. అది వెనిగర్ వాసనే. పాత ఫిల్మ్ పట్టీ సెల్యులోజ్ ఎసిటేట్‌తో చేసింది. వేడికి, తేమకు అది విచ్చిపోతూ ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. ఆ ఆమ్లం మూసిన డబ్బాలోనే ఉండిపోయి మిగతా పట్టీని ఇంకా త్వరగా తింటుంది. అందుకే ఒకసారి మొదలయ్యాక తనంతట తాను ఆగదు. పక్కనున్న మంచి నెగటివ్‌లకూ పాకుతుంది. ముదిరే కొద్దీ పట్టీ ముడుచుకుంటుంది, అంచులు అలల్లా వంకర్లు తిరుగుతాయి, చివరికి బొమ్మ ఉన్న పొర విడిపోయి పొక్కులు లేస్తుంది.

చేయాల్సింది ఇదీ. గాలి ఆడే గదిలో ఆ డబ్బా తెరిచి, వాసన వేస్తున్నవాటిని, వేయనివాటిని వేరు చేయండి. రేకు డబ్బా మళ్లీ వాడొద్దు. బాగున్నవి కాగితపు కవర్లలోకో పాలిప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ తొడుగుల్లోకో మార్చండి. వాసన వేస్తున్నవి ముందు స్కాన్ చేయించండి, ఎందుకంటే వంకర తిరిగాక స్కానర్ హోల్డర్‌లో చదునుగా కూర్చోవు. వెంటనే స్కాన్ కుదరకపోతే చలి ఒక్కటే మందు. కవర్లతో సహా రెండు జిప్ సంచుల్లో, ఒకదానిలో ఒకటి పెట్టి, గాలి వీలైనంత తీసేసి ఫ్రీజర్‌లో ఉంచండి. బయటికి తీసినప్పుడు సంచి వెంటనే విప్పకూడదు. గది వేడికి వచ్చేదాకా, అంటే కనీసం ఒక పూట, మూసే ఉంచాలి. లేకపోతే చల్లటి ఫిల్మ్ మీద నీటి చెమ్మ పట్టి బొమ్మ పొర మెత్తబడుతుంది. ఆ డబ్బాల్లో మీకంటే ముందు తరం నెగటివ్‌లు, 1950లకు ముందువి ఉంటే అంచు మీద అక్షరాలు చదవండి. "నైట్రేట్" అని ఇంగ్లిష్‌లో రాసి ఉంటే అది చాలా త్వరగా అంటుకునే రకం. పొయ్యికి, ఎండకు దూరంగా పెట్టి, ఫిల్మ్ భద్రపరిచే సంస్థను అడగండి. స్లయిడ్ ప్రొజెక్టర్‌లో గానీ వేడి దీపం ముందు గానీ పెట్టొద్దు.

ఇక మూడోది, అసలు సంగతి. మీ పద్నాలుగు ఆల్బమ్‌లలో కాగితం కంటే వేగంగా పోయేది ఒకటుంది: ఎవరు ఎవరో మీకున్న గుర్తు. కాగితం వెలిసిపోయినా కొంతవరకు రంగులు తిరిగి తెప్పించవచ్చు. పేరు పోయిన ముఖానికి ఏ యంత్రమూ పేరు పెట్టలేదు. అందుకే స్కానింగ్ పూర్తయ్యాక పేర్లు రాద్దాంలే అనుకోకండి. పేర్లు ముందు, స్కానింగ్ తర్వాత.

దీనికి రాయడం కంటే చెప్పడం తేలిక. ఆల్బమ్‌లకు 01 నుంచి 14 దాకా నంబర్లు వేయండి. ప్రతి పేజీనీ ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. ఫొటోలు ఏ వరసలో ఉన్నాయో, పక్కన ఏం రాసి ఉందో అదీ సమాచారమే. ప్రింట్లు ఊడదీశాక ఆ వరస తిరిగి రాదు. తర్వాత ఫ్యాన్ ఆపేసి, ఫోన్ రికార్డర్‌ను మూరెడు దూరంలో పెట్టి, "ఆల్బమ్ ఏడు, ఫొటో పన్నెండు" అని నంబరుతో మొదలుపెట్టి చెప్పండి. ఎడమ నుంచి ఎవరెవరు, ఎక్కడ, దాదాపు ఏ సంవత్సరం, ఏ సందర్భం. ఒకసారి కూర్చుంటే అరగంట మించొద్దు, ఆ తర్వాత వివరాలు పలచబడతాయి. మీకంటే పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే ముందు వాళ్ల దగ్గరికి ఆల్బమ్ పట్టుకెళ్లండి. "వీళ్లెవరు?" అని మాత్రమే అడిగితే పేరు చెప్పి ఊరుకుంటారు. "ఈ ఫొటో తీసిందెవరు? ఆ రోజు ఎందుకు తీశారు?" అని అడగండి, అప్పుడు మాట కదులుతుంది.

రాసేటప్పుడు పూర్తి పేరు, ఇంటిపేరుతో రాయండి. "పెద్దత్త" అని రాస్తే, రేపు అది చదివే మీ మనవరాలికి పెద్దత్త వేరే మనిషి. గుంపు ఫొటోలకు మామూలు కాగితం మీద ఒక నకలు తీసి, ఆ నకలు మీద ముఖాలకు అంకెలు వేసి కింద పేర్లు రాయండి. అసలు ప్రింటు మీద పల్చటి కాగితం పరిచి గీయడం మంచిది కాదు, పెన్సిలు నొక్కు ముఖాల మీద పడుతుంది.

ప్రింటు వెనక రాయాలంటే పాత నలుపు తెలుపు ఫొటోల కాగితానికి 2బీ పెన్సిలు చాలు. ఫొటోను శుభ్రమైన గాజు మీద బోర్లించి, అంచు దగ్గర నొక్కకుండా రాయండి. 1970ల నుంచి వచ్చిన రంగుల ప్రింట్లలో చాలావరకు ప్లాస్టిక్ పూత ఉన్న కాగితమే. దాని మీద పెన్సిలు పట్టదు. బాల్ పెన్నుతో రాస్తే గుంట ముందువైపుకి తేలుతుంది, ఆ సిరా ఆనుకుని ఉన్న ఫొటో ముఖానికి అంటుతుంది. వాటికి తొడుగు మీద గానీ, వెనక పెట్టిన కాగితం మీద గానీ రాయండి.

జిగురు ఆల్బమ్‌ల విషయం కాస్త ఓపికగా వినండి, ఫొటోలు ఎక్కువగా చిరిగేది ఇక్కడే. ఆ జిగురు ఏళ్లు గడిచే కొద్దీ పసుపుపచ్చగా మారి గట్టిపడుతుంది. పైన పొర పీవీసీ అయితే దానిలోంచి వెలువడే రసాయనాలు ప్రింటును దెబ్బతీస్తాయి. కాబట్టి తీయాల్సిందే. ముందు ప్లాస్టిక్ పొరను మెల్లగా వెనక్కి మడుస్తూ తీయండి. అది ఫొటోను పట్టుకుని లేపుతోందంటే ఆపి, ఇంకో మూల నుంచి మొదలుపెట్టండి. పొర పోయాక ఫొటో మూల కింద డెంటల్ ఫ్లాస్ దూర్చి, రెండు చేతులతో రెండు కొసలు పట్టుకుని, పేజీకి సమాంతరంగా, రంపం కోసినట్టు అటూ ఇటూ లాగుతూ ముందుకు జరపండి. మైనం పూయని ఫ్లాస్ మేలు. ఫొటోను వంచొద్దు. వంచితే బొమ్మ పొర సన్నగా పగులుతుంది, ఆ పగులు మానదు. వంచాల్సింది పేజీని: ఫొటో బల్ల మీద బోర్లా ఉండాలి, పేజీ దాని మీద నుంచి లేచి రావాలి. ఫ్లాస్ ఒకచోట బిగుసుకుంటే బలం పెట్టకుండా, ఫొటో చుట్టూ పేజీని కత్తిరించి, అట్టతో సహా స్కాన్ చేసి అలాగే దాచండి. వెనక అట్ట మిగిలిన ఫొటో చిరిగిన ఫొటో కంటే నయం. జిగురు కరగడానికి స్పిరిట్, కిరోసిన్ లాంటివి ఏవీ తాకించకండి. వెనక ఇంకా జిడ్డుగా ఉంటే సిలికాన్ పూత ఉన్న కాగితం ముక్క మధ్యలో పెట్టి తొడుగులో వేయండి.

నల్ల కాగితం పేజీల మీద మూలల పట్టీలతో పెట్టిన ఆల్బమ్ ఉంటే దాన్ని విప్పొద్దు. పేజీ పేజీకి మధ్య ఆమ్లం లేని పల్చటి కాగితం పెడితే చాలు. ఫ్రేములో గాజుకు అతుక్కుపోయిన ఫొటో ఉంటే అదీ పీకొద్దు. బొమ్మ పొర జెలటిన్‌తో చేసింది, తేమకు మెత్తబడి గాజుకు అంటుకుంటుంది. లాగితే ముఖమే గాజు మీద మిగులుతుంది. గాజుతో సహా స్కాన్ చేయించండి.

స్కానింగ్ గురించి. పోస్ట్‌కార్డు సైజు, అంటే 4 అంగుళాలు బై 6 ప్రింటుకు 600 డీపీఐ, అంటే అంగుళానికి 600 చుక్కలు, చాలు. 2400 బై 3600 పిక్సెళ్లు వస్తాయి, రెట్టింపు సైజుకు ముద్రించినా నిలుస్తుంది. అంతకు మించి పెడితే సైజు పెరుగుతుందే గానీ ఆ ప్రింటులో లేని వివరం రాదు. పాస్‌పోర్టు సైజు ఫొటోలకు మాత్రం 1200 పెట్టండి. 600 పెడితే ఒక మెగాపిక్సెల్ కూడా రాదు, 1200 పెడితే మూడున్నర దాకా వస్తుంది. 35 ఎంఎం నెగటివ్‌కు 3200 నుంచి 4000 డీపీఐ మధ్య పెట్టుకోవాలి. నెగటివ్ ఉంటే ప్రింటు కంటే దాన్ని స్కాన్ చేయడమే మేలు; ప్రింటులో పోయిన నీడల వివరం అందులో ఉంటుంది.

నలుపు తెలుపు ప్రింట్లను కూడా రంగుల మోడ్‌లోనే స్కాన్ చేయండి. వాటి గోధుమ ఛాయ, మరకలు అన్నీ దాఖలవుతాయి, తర్వాత మరక తీయడం తేలికవుతుంది. స్కానర్‌లో ఆటో షార్ప్‌నెస్, ఆటో కలర్ ఆపేయండి. అసలు ప్రతి నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా, పంచుకునేది సైజు తక్కువుండే జేపెగ్‌గా దాచండి. 4 బై 6 టిఫ్ ఒక్కోటి దాదాపు 26 ఎంబీ ఉంటుంది, వెయ్యి ప్రింట్లకు 26 జీబీ. ఇవాళ్టి డిస్క్‌లకు అదొక లెక్క కాదు. దుమ్ము రబ్బరు బ్లోయర్‌తో ఊదండి, నోటితో ఊదొద్దు, తుంపర్లు పడతాయి. గాజు తుడిచే ద్రవాన్ని గాజు మీద చల్లకుండా బట్ట మీద వేసి తుడవండి, లేకపోతే అంచుల నుంచి లోపలికి దిగుతుంది. దుమ్మును ఇన్‌ఫ్రారెడ్‌తో గుర్తించి తీసే సదుపాయం రంగుల నెగటివ్‌లకు బాగా పనిచేస్తుంది. మామూలు నలుపు తెలుపు నెగటివ్‌లకు ఆపేయాలి. వాటిలో బొమ్మే వెండి రేణువులతో ఉంటుంది, ఇన్‌ఫ్రారెడ్‌ను వెండి అడ్డుకుంటుంది కాబట్టి యంత్రం బొమ్మనే దుమ్మనుకుంటుంది.

గరుకు ఉపరితలం ఉన్న ప్రింట్లు కొన్ని మీ దగ్గర ఉండే ఉంటాయి. స్కాన్ చేస్తే మెరుపు చుక్కలు నిండిపోతాయి. ఒకసారి స్కాన్ చేసి, ప్రింటును 180 డిగ్రీలు తిప్పి మళ్లీ స్కాన్ చేయండి. రెండోదాన్ని కంప్యూటర్‌లో నిటారుగా తిప్పి, మొదటిదాని మీద సరిగ్గా పేర్చి, 50 శాతం పారదర్శకంగా కలపండి. మెరుపులు రెండింటిలో వేర్వేరు చోట్ల పడతాయి కనుక చాలావరకు తగ్గిపోతాయి. ఎర్రబారిన ప్రింట్లు చూసి దిగులు పడొద్దు. ఆ కాలపు కాగితాల్లో నీలి ఛాయ ఇచ్చే రంగు చీకట్లో ఉన్నా వెలిసిపోయేది, అందుకే ఎరుపు మిగిలింది. ఫొటో ఎడిటింగ్ ప్రోగ్రాములో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటి లెవెల్స్ (మోతాదులు) విడివిడిగా సరిచేస్తే చర్మపు రంగు చాలావరకు వెనక్కి వస్తుంది. కృత్రిమ మేధతో ముఖాలు "స్పష్టం" చేసే యాప్‌లను మాత్రం దూరం పెట్టండి. అవి పోయిన వివరాన్ని వెతికి తేవు, ఊహించి గీస్తాయి. మీ నాన్నగారి ముఖం ఇంకెవరిదో అవుతుంది. ఎవరైనా ముచ్చటపడి చేస్తే దాన్ని వేరే ఫోల్డర్‌లో, చేసిన సంగతి రాసి పెట్టండి.

ఫైలు పేరులో తేదీ పెట్టమని చాలామంది చెబుతారు. డిజిటల్ ఫొటోలకు అది సరే. పాత ప్రింట్లకు తేదీ అంచనా రేపు మారవచ్చు, నంబరు మారదు. 07-012 అంటే ఏడో ఆల్బమ్, పన్నెండో ఫొటో. అదే నంబరు తొడుగు మీద, అదే నంబరు మీ గొంతు రికార్డింగుకు. సంవత్సరం, పేర్లు ఫైలు లోపలి వివరణ గడిలో రాయండి, అవి ఫైలుతో పాటు ప్రయాణిస్తాయి. ఫోన్ గ్యాలరీలో రాసుకునే వివరణ చాలాసార్లు ఆ యాప్‌లోనే ఉండిపోతుంది. స్కాన్ చేసిన ఫైళ్లకు స్కాన్ చేసిన రోజే తేదీగా పడుతుంది, అందుకే 1984 ఫొటో నిన్నటి ఫొటోల మధ్య తేలుతుంది. ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాముతో వందల ఫైళ్ల తేదీ ఒక్కసారే మార్చవచ్చు. బంధువులకు పంపేటప్పుడు మెసేజింగ్ యాప్‌లో ఫొటోగా పంపితే సైజు కోసేస్తుంది, లోపలి వివరాలూ పోతాయి. డాక్యుమెంటుగా పంపండి.

మీ అమ్మాయి మాటలో సగం నిజం. స్కాన్ చేయాలి, పారేయకూడదు. స్కాన్ అనేది ఇవాళ్టి యంత్రం చూడగలిగినంత మాత్రమే. మంచి యంత్రం వస్తే మళ్లీ తీయాల్సింది ఆ నెగటివ్ నుంచే. పారేయదగ్గవి వేరే ఉన్నాయి: బాగా కదిలిపోయినవి, ఒకే ఫొటో మూడు ప్రింట్లు, మనిషి లేని, ఎక్కడిదో తెలియని కొండలు, సూర్యాస్తమయాలు. మిగిలినవి ఆమ్లం లేని పెట్టెల్లో, ఇంటి లోపలి గోడకు ఉన్న బీరువా మధ్య అరలో ఉంచండి. నేల మీద, స్నానాలగది గోడ పక్కన, అటక మీద వద్దు. తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. చిన్న తేమ మీటరు ఒకటి అరలో పెడితే ఊహించాల్సిన అవసరం ఉండదు. గోడకు తగిలించేది నకలే అయి ఉండాలి.

ఫోన్‌లో పేరుకున్న వేల ఫొటోలను చెరుపుతూ కూర్చోకండి, విసుగొచ్చి మానేస్తారు. నెలకోసారి బాగున్నవాటికి గుర్తు పెట్టండి, ఏడాది చివర గుర్తు పెట్టినవాటిలో వందింటిని ప్రింటు వేయించండి. 4 బై 6 ప్రింటుకు 1200 బై 1800 పిక్సెళ్లు చాలు, అంటే 2005 నాటి మీ డిజిటల్ కెమెరా ఫొటోలకూ సరిపోతుంది.

ఇంకా తీయాలనే ఉందన్నారు, తప్పకుండా తీయండి. మీ ఆల్బమ్‌లు తిరగేస్తే పండగలు, ప్రయాణాలు నిండుగా ఉంటాయి. మామూలు రోజులు ఉండవు. రోజూ కూర్చునే కుర్చీ, అరలో సర్దిన సామాన్లు, చేతిరాత, పనిలో ఉన్న చేతులు, ఇంట్లో ప్రతి గది నాలుగు మూలల నుంచి, ఇవి తీయండి. ఫొటోలు తీసేవాడి ఆల్బమ్‌లో తీసినవాడే ఉండడు. ట్రైపాడ్ మీద పది సెకన్ల టైమర్ పెట్టి మీరూ ఫ్రేములోకి రండి.

ఆ ఫిల్మ్ కెమెరాను ముందు తోలు కేసులోంచి తీసేయండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది, లెన్స్‌కు బూజు పట్టేది దానివల్లే. లెన్స్ అపర్చర్, అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, పూర్తిగా తెరిచి, వెనక నుంచి టార్చి వేసి ముందు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడు లాంటి సన్నటి గీతలు కనిపిస్తే మెకానిక్ శుభ్రం చేయాలి. అప్పటిదాకా మిగతా లెన్స్‌ల పక్కన పెట్టకండి. బ్యాటరీ గడిలో తెల్లటి పొడి పేరుకుని ఉంటే, మామూలు ఆల్కలైన్ బ్యాటరీ కారినదైతే, వెనిగర్‌లో ముంచి పిండిన దూది పుల్లతో తుడిచి, తడి లేకుండా ఆరనివ్వండి. వెనక తలుపు అంచున నల్లటి స్పాంజి పట్టీ వేలికి జిగటగా అంటుకుంటే అది మార్చాల్సిందే, లేకపోతే వెలుతురు దూరి ఫిల్మ్ మీద పొగలాంటి మరకలు పడతాయి. తర్వాత ఫిల్మ్ లేకుండా ప్రతి షటర్ వేగంలోనూ పదేసి సార్లు నొక్కండి. మొదటి రీలు పరీక్షకే కేటాయించి, ఏ ఫ్రేము ఏ వేగం, ఏ అపర్చర్ అనేది కాగితం మీద రాసుకోండి. కడిగించాక అన్నీ ఒకే తీరున పలచగా గానీ చిక్కగా గానీ వస్తే తేడా కెమెరాలో వెలుతురు కొలిచే మీటరుది, నెమ్మది వేగాల్లో మాత్రమే చెడితే షటర్‌ది. మెకానిక్‌కు ఆ కాగితం కూడా ఇవ్వండి.